ఆర్కిడ్ కొనేటప్పుడు గింజ మొక్క మేలా, క్లోన్ మేలా?

మా నల్గొండలో బత్తాయి తోట పెట్టే రైతును "గింజ మొక్కలు నాటుతావా?" అని అడిగితే నవ్వుతాడు. రంగ్‌పూర్ నిమ్మ మీద కట్టిన అంటు మొక్కే కావాలంటాడు. అదే మనిషి డాబా మీదికి ఆర్కిడ్ కొనేటప్పుడు కుండీకి గుచ్చిన ఫొటో చూసి డబ్బులిచ్చేస్తాడు. నేనూ అలాగే ఇచ్చాను. ఫొటోలో చిక్కటి నీలం వాండా. రెండేళ్లు సాకాక పూసింది వెలిసిపోయిన లేత ఊదా! నర్సరీవాళ్లను బాగా తిట్టుకున్నాను. చీటీ చదవడం వచ్చాక తెలిసింది, సగం తప్పు నాదే.

దాని మీద ఉన్నది వాండా రోత్‌షిల్డియానా అని, అంతే. వాండా అంటే ఆ రకం ఆర్కిడ్‌లన్నిటికీ ఉన్న ఇంటిపేరు లాంటిది. రెండోది గ్రెక్స్ పేరు. మన ఖాసీ కొండల్లో పూసే నీలి వాండా సెరూలియాకూ, ఫిలిప్పీన్స్ వాండా శాండెరియానాకూ పుట్టిన సంతానమంతటికీ ఇదే పేరు. ఎవరు సంకరం చేసినా, తల్లీ తండ్రీ తారుమారైనా పేరు మారదు. 1931లో నమోదైంది. ఈ సంకరాల చిట్టాను మొదట శాండర్ నర్సరీ రాసేది, 1961 నుంచి లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ చూస్తోంది. ఆ చిట్టా చెప్పేది అమ్మానాన్నలెవరో మాత్రమే, బిడ్డ రంగు కాదు.

ఆర్కిడ్ కాయ ఒక్కటి పగిలితే పిండిలాంటి గింజలు వేలల్లో, ఒక్కోసారి లక్షల్లో రాలతాయి. ఏ గింజకు ఎవరి పోలిక ఎంత వస్తుందో చెప్పలేం. తల్లిదండ్రులు రెండూ అడవి జాతులైతే పిల్లల్లో తేడా కొంత తక్కువ. అవే నాలుగైదు తరాల సంకరాలైతే తాతల రంగులు కూడా బయటపడతాయి.

క్లోన్ సంగతి వేరు, అది ఒకే మొక్కకు అచ్చు నకలు. తోబుట్టువుల్లో బాగా పూసిన ఒక్కదాన్ని ఎంచి, గ్రెక్స్ పేరు పక్కన సింగిల్ కోట్స్‌లో దానికి సొంత పేరు పెడతారు. పేరు పక్కన గెలిచిన బహుమతిని సూచించే పొడి అక్షరాలుంటే అవీ ఆ ఒక్కదానివే, తోబుట్టువులవి కావు. 1960లో ఫ్రాన్స్‌లో జార్జ్ మొరెల్ సింబిడియం అనే ఆర్కిడ్ మొగ్గ కొన నుంచి మొక్కలు పెంచి చూపాకే ఇలాంటివాటిని టిష్యూ కల్చర్‌లో (మొక్క ముక్కను ల్యాబ్‌లో పెంచే పద్ధతిలో) వేలకొద్దీ చేయడం మొదలైంది. అక్కడా అప్పుడప్పుడు ఒకటీ అరా తేడా పడుతుంది కానీ, అరుదు.

మొదటిసారి కొనేవాళ్లకు నా ఓటు క్లోన్‌కే, అదీ డెండ్రోబియం అనే రకం ఆర్కిడ్‌కే. షేడ్‌నెట్, పట్టి ఉంచిన వాన నీళ్లు ఉంటే చాలు. మా బోరు నీళ్లు పోస్తే వేర్ల మీద తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. రంగు మీద పట్టింపు లేనివాళ్లు మాత్రం గింజ మొక్కలు నాలుగైదు కలిపి కొనండి. క్లోన్‌కు మన ఎండ పడకపోతే ఆ కాపీలన్నిటికీ పడదు. గింజ మొక్కల్లో ఒకటైనా తట్టుకోవచ్చు.

మొన్న మే ఎండకు నా కోట్స్ పేరున్న వాండా మొగ్గలన్నీ రాల్చేసింది. వెలిసిన ఊదాది మాత్రం పూసింది. దానికి కోట్స్‌లో ఏం పేరు పెట్టాలో మా ఇంట్లో ఇంకా తేలలేదు.