విదేశీ కంపెనీయా, మన మిల్లా: వరంగల్‌కు ఏది మేలు?

గీసుకొండ, సంగెం వైపు టెక్స్‌టైల్ పార్కు మాట ఎత్తితే చాలు, ఇదే అడుగుతున్నారు: కొరియా దుస్తుల కంపెనీ యంగ్‌వన్ లాంటివాళ్లు రావడం మేలా, మనవాళ్లే మిల్లు పెట్టుకోవడం మేలా?

మన మిల్లంటే వరంగల్ ఆజంజాహి మిల్లు గుర్తొస్తుంది. 1934లో మొదలై 2002లో మూతపడింది. సొంతదైనంత మాత్రాన నిలబడదు. కొత్త యంత్రాలకు డబ్బు, సరుకు కొనే చెయ్యి ఉండాలి. విదేశీ కంపెనీ ఆ రెండూ వెంట తెచ్చుకుంటుంది.

నేను మాత్రం ముందు చూసేది ముడిసరుకు ఎక్కడ కొంటున్నారో. 1991లో చెక్ దేశపు స్కోడాలో వాటా తీసుకున్న ఫోక్స్‌వాగన్, 2000 నాటికి మొత్తం కొనేసింది. అయినా కార్ల రూపకల్పన స్కోడా సొంతూరు మ్లాదా బోలెస్లావ్‌లోనే ఉంది, విడిభాగాల ఫ్యాక్టరీలూ ఆ దేశంలో పెరిగాయి. అదే గుడ్డ, జిప్పు, దారం కంటెయినర్లో దిగి, ఇక్కడ కుట్టించుకుని మళ్లీ కంటెయినర్ ఎక్కితే మనకు మిగిలేది కూలి డబ్బులే. ఇంకోచోట కూలి చవకైతే కుట్టుమిషన్లు ఎత్తుకెళ్లడం ఎంతసేపు? స్పిన్నింగ్ (నూలు వడకడం), డైయింగ్ (అద్దకం) అంత తేలిగ్గా కదలవు.

మరి వరంగల్ ఎనుమాముల మార్కెట్ పత్తి ఎగుమతి గుడ్డ దాకా వెళ్లాలంటే? క్వింటా పత్తికి 33–35 కిలోల దూది. 170 కిలోల దూది బేలుకు అయిదు క్వింటాళ్ల పత్తి పడుతుంది. తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనదు. అంతకన్నా పెద్ద తంటా యూరియా సంచి. అందులో పత్తి నింపితే ప్లాస్టిక్ పోగులు దూదిలో కలుస్తాయి. నూలులో కంటికి ఆనవు. అద్దకం అయ్యాక రంగు పట్టని తెల్లగీతలై తేలతాయి, తాన్లకు తాన్లు వెనక్కొస్తాయి. చేలో బట్ట సంచులు, గింజ తీసే జిన్నింగు మిల్లులో పోగులు ఏరే మనుషులు ఉంటే చాలావరకు తప్పుతుంది. ఆ ఖర్చు పెట్టాలన్న ఒత్తిడి ఎగుమతి కొనుగోలుదారు నుంచే వస్తుంది, అందుకే నా మొగ్గు విదేశీ పెట్టుబడి వైపు.

ఇద్దరూ కలిసి పెట్టే జాయింట్ వెంచర్? పెట్టుబడి పెంచలేక చిన్న భాగస్వామి వాటా కరిగిపోతుంది. స్కోడాలో చెక్ ప్రభుత్వ వాటాకు పట్టిన గతి చూశాం. సర్కారు చీరల ఆర్డర్ల మీద నడిచే సిరిసిల్ల పద్ధతిలో ఆర్డరు ఆగితే మగ్గమూ ఆగుతుంది.

ఇంత శాతం ఇక్కడే కొనాలని షరతు పెడదామంటే ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) పెట్టుబడి షరతులపై చేసుకున్న ట్రిమ్స్ ఒప్పందం ఒప్పుకోదు. కాబట్టి రాయితీని కుట్టే షెడ్డుకు తగ్గించి స్పిన్నింగు మిల్లుకు, దూది పరీక్షించే ల్యాబుకు, అద్దకం నీళ్లు శుద్ధిచేసే ప్లాంటుకు మళ్లించాలి.