మెంతులా, కాకర రసమా, సంతలో పొడా: షుగర్‌కి ఏది మేలు?

మా సోంపేట వైపు ఎవరికైనా షుగర్ ఉందని తేలితే, డాక్టరు రాసిన చీటీ చేతిలో ఉండగానే వీధిలో నలుగురూ నాలుగు వైద్యాలు చెప్తారు. ప్రేమతోనే చెప్తారు, కాదనను. అయితే అవన్నీ ఒక్క గాటన కట్టేవి కావు.

నా ఓటు మెంతులకే. రాత్రి ఒక చెంచా నానబెట్టి, పొద్దున్నే ఆ జిగురు నీళ్లతో సహా నమిలి తినాలి. ఆ జిగురంతా పీచే, అన్నంలోని చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి ఎక్కకుండా ఆపుతుంది. తగ్గేది కొంచెమే, మాత్ర మానేసేంత తగ్గదు. కొందరికి కడుపుబ్బరం వస్తుంది, రక్తం పలచబడే మందు వాడేవాళ్లు డాక్టరుని అడిగాకే మొదలుపెట్టాలి.

కాకరకాయ కూర హాయిగా తినండి. పరగడుపున గ్లాసెడు రసం అంటేనే నాకు భయం. మా మావయ్య షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని రసం తాగేవాడు, టిఫిన్ మాత్రం ఎప్పుడో పదింటికి. ఒకరోజు అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే చొక్కా అంతా చెమటతో తడిసిపోయి, చెయ్యి వణికి గ్లాసు జారిపోయి, మాట తడబడిపోయింది. వేలికి సూది గుచ్చి చూస్తే 52, డెబ్బై కంటే దిగితేనే జాగ్రత్త పడాలి కదా! పంచదార నీళ్లు తాగించిన పావుగంటకి గానీ తేరుకోలేదు. తప్పంతా రసానిదే అనను, మాత్ర, రసం, ఖాళీ కడుపు మూడూ కలిశాయి. గర్భిణులైతే ఆ రసం జోలికే పోవద్దు.

పొడపత్రి ఆకు నమిలి పంచదార వేసుకుంటే నోట్లో ఇసుక పోసుకున్నట్టుంటుంది, తీపే తెలీదు. అది చూసి షుగర్ పోయిందనుకుంటారు పాపం. మందుతో కలిపి వాడితే షుగర్ మరీ పడిపోవచ్చు.

ఇక సంతలో కట్టి ఇచ్చే పేరులేని పొడి. దీన్ని మాత్రం ముట్టుకోవద్దని చేతులు పట్టుకుని చెప్తాను. ఇలాంటి కొన్ని పొడుల్లో చెప్పకుండా ఇంగ్లీషు షుగర్ మందే కలిపినట్టు, కొన్నింట్లో సీసం, పాదరసం ఉన్నట్టు పరీక్షల్లో బయటపడింది. వారం రోజుల్లో నంబరు తగ్గిందంటే కారణం అదే కావచ్చు. కిడ్నీ జబ్బుతో ఇన్ని కుటుంబాలు నలిగిపోతున్న మన ఉద్దానంలో సీసం ఉన్న పొడి తినడమా?

డాక్టరు రాసే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ కిడ్నీలు పాడుచేస్తుందని మానేసి ఈ పొడికి మారేవాళ్లని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. గలీగా అనే మొక్కలోని పదార్థం చూసి తయారుచేసిన మందే అది, 1957 నుంచి షుగర్‌కి వాడుతున్నారు. కిడ్నీలని తినేసేది అదుపు తప్పిన షుగరే. కిడ్నీలు ముందే బలహీనంగా ఉంటే డాక్టరు డోసు తగ్గిస్తారు, లేదా ఆపేస్తారు, అందుకే ఏడాదికోసారైనా కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఇంట్లో ఆ పొడి ఇప్పటికే వాడుతుంటే దాచకండి, మాత్రల చీటీతో పాటు ఆ పొట్లం కూడా డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లి ఎన్నాళ్లనుంచి వాడుతున్నారో చెప్పండి.