మట్టిముద్దా, మడత కాగితమా, రంగుల బొమ్మా: చిన్న తరగతులకు ఏది మేలు?

మాది పల్నాడులో ఒక ఊరి ప్రాథమిక బడి. అయిదు తరగతులకు ఇద్దరం టీచర్లం. శనివారాలు నో బ్యాగ్ డే అయ్యాక, పక్క ఊళ్ల టీచర్లు కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు: "పిల్లల చేత ఏం చేయిస్తున్నారు టీచర్? మట్టితోనా, కాగితంతోనా, అచ్చు బొమ్మల్లో రంగులు వేయిస్తున్నారా?"

చాలామంది ఖర్చు చూస్తారు. గది ఎవరు ఊడవాలి అని చూస్తారు. గ్రూపులో ఫొటో పెడితే బాగుంటుందా అని కూడా చూస్తారు. అవన్నీ చూడాల్సినవే. నేను మాత్రం అన్నిటికంటే ముందు ఒకటి చూస్తాను. చేస్తూ చేస్తూ పిల్లవాడు తప్పు చేస్తే, దాన్ని వాడే సరిదిద్దుకోగలడా? నా దగ్గరికి పరిగెత్తుకు రాకుండా, ఇంకో కాగితం ఇవ్వమని అడక్కుండా, పక్కవాడు నవ్వకముందే సరిచేసుకోగలడా? ఈ ప్రశ్న వేసుకుంటే మూడింటికీ మూడు వేర్వేరు జవాబులు వస్తాయి.

మట్టికి వచ్చే జవాబు అన్నిటికంటే ఘనం. ఏనుగు తొండం ఊడిపోతే దాన్నే తోక చేసేస్తారు. మొత్తం నచ్చకపోతే ముద్ద చేసి మళ్లీ మొదలుపెడతారు. పాడైపోయిన మట్టి అంటూ ఉండదు. ఒకటో తరగతిలో చేరి నెలైనా నోరు విప్పని పిల్లాడొకడు ఉండేవాడు. పేరు అడిగినా తల దించుకునేవాడు. మట్టి ఇచ్చిన రోజు తనంతట తనే నా దగ్గరికి వచ్చి, "ఇది మా బర్రె, ఇది దాని దూడ, పాలు తాగేసింది, ఇప్పుడు పడుకుంది" అని వరసగా నాలుగు మాటలు చెప్పాడు. దూడ నిలబడక పడిపోయింది, అందుకని పడుకోబెట్టాడు. తప్పును కథగా మార్చుకున్నాడు. రంగుల బొమ్మ చేతిలో పెట్టుకుని ఏ పిల్లవాడూ నాకు అంత కథ చెప్పలేదు.

అక్షరాలకు కూడా మట్టిని మించింది నాకు కనిపించలేదు. మన అక్షరాలన్నీ వంపులే. మట్టిని అరచేతుల మధ్య పాములా పొడుగ్గా చుట్టి, పలక మీద వంచితే 'క' వస్తుంది. తలకట్టు తీసేసి గుడి పెడితే 'కి'. గుడిని సాగదీస్తే 'కీ'. గుడి తీసేసి, తలకట్టు మళ్లీ పెట్టి కొమ్ము తగిలిస్తే 'కు'. అక్షరం అలాగే ఉండి గుర్తు మాత్రమే మారుతుందన్న సంగతి వేళ్లకే తెలిసిపోతుంది. గుణింతం పదిసార్లు రాయించినా రెండో తరగతిలో కొందరికి అందని విషయం ఇది. రాస్తే చెరపాలి, చెరిపితే మరక మిగులుతుంది. మట్టిలో అయితే తీసి పెట్టడమే.

ఇంకో కారణం ఒంటికి సంబంధించింది. మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే. ఏళ్లు గడిచేకొద్దీ ఒక్కొక్కటీ గట్టిపడుతూ వస్తుంది, ఆఖరిది మొదలయ్యేదే దాదాపు 9–12 ఏళ్ల మధ్య. ఆరేళ్ల పిల్ల చేతికి పెన్సిల్ ఇచ్చి గీత దాటకూడదంటే, ఇంకా తయారవుతున్న చేతిని కష్టపెట్టడమే. మట్టి పిసకడానికి అరచేయి, బొటనవేలు, భుజం అన్నీ పనిచేస్తాయి. వేళ్లలో బలం వచ్చాక పెన్సిల్ దానంతటదే కుదురుతుంది.

అయితే ఏ మట్టి పడితే ఆ మట్టి పనికిరాదు. మొదటి ఏడాది మా చేల వైపు దొరికే నల్లరేగడితోనే ఏనుగులు చేయించాను. తడిగా ఉన్నప్పుడు వెన్నలా వంగింది. సోమవారం వచ్చి చూస్తే కిటికీలో ఒక్క ఏనుగు కూడా నిలువునా లేదు, అన్నీ బీటలు వారి విడిపోయాయి. పిల్లలు ఏడ్చినంత పని చేశారు. రేగడి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుని పగులుతుంది. ఎండాకాలం చేలో నెర్రెలు చూసినదాన్నే, ముందే తట్టి ఉండాల్సింది. ఇప్పుడు చెరువు బంకమట్టి తెప్పిస్తున్నాను. ఎండబెట్టి, కొట్టి, జల్లెడ పట్టి, కొంచెం సన్న ఇసుక కలిపి రాత్రంతా నానబెడతాం. కుండలు చేసేవాళ్లు ఊళ్లో ఉంటే వాళ్లనే అడగండి, సిద్ధం చేసిన మట్టి ముద్దే ఇస్తారు. మిరప, పత్తి చేలల్లో మట్టి మాత్రం తేవద్దు, అక్కడ మందులు కొట్టి ఉంటారు. ఒక్కొక్కరికి పావుకిలో లెక్కన 30 మందికి ఏడున్నర కిలోలు సరిపోతుంది.

అతికేటప్పుడు పిల్లలు చేసే పొరపాటు, ఎండిన కాలును ఎండిన పొట్టకు ఊరికే నొక్కడం. రెండు వైపులా పుల్లతో గాట్లు పెట్టి, మధ్యలో పలచటి మట్టి పూసి నొక్కాలి. ఇది చెప్పేటప్పుడు కొండపల్లి బొమ్మ ఒకటి తెచ్చి చూపిస్తాను. తెల్లపొణికి చెక్కతో చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. ఆ ముద్దను మక్కు అంటారు. "ఆ బొమ్మకి మక్కు, మన బొమ్మకి బురద" అని పిల్లలే చెప్పుకుంటారు. ఆరబెట్టడం నీడలోనే, ఎండలో పెడితే పైపొర ముందు ఆరి పగులుతుంది.

గద్వాల, ఆదోని వైపు టీచర్లకు మట్టిపని మొదలుపెట్టడానికి వేరే సాకు అక్కర్లేదు. ఏరువాక పున్నమి వెళ్లాక వచ్చే మట్టి ఎద్దుల అమావాస్యకు ఇంట్లో పెద్దవాళ్లే ఎద్దులు చేస్తారు. బడులు తెరిచిన కొత్తలోనే వస్తుంది. ఆ వారం పిల్లలను చేయనివ్వండి, మీరు నేర్పాల్సింది ఏమీ ఉండదు.

మట్టికి ఉన్న చిక్కు సమయం. పంచడానికి పది నిమిషాలు, చేతులు కడిగించడానికి పది. నలభై నిమిషాల పీరియడ్‌లో పిల్లలకు మిగిలేది సగం. కుళాయి ఒక్కటే ఉంటే ఇంకా తక్కువ. అందుకే మట్టి శనివారం రెండు పీరియడ్లు కలిపి పెట్టుకోవాల్సిన పని. చేతికి పుండ్లున్న పిల్లలకు ఆ రోజు ఇవ్వకూడదు. రెండు పాళ్లు మైదా, ఒక పాలు ఉప్పు, ఒక పాలు నీళ్లు కలిపిన ముద్ద బంకమట్టి దొరకని పట్నం బడులకు పనికొస్తుంది కానీ, చీమలు పడతాయి. పైగా తిండిపిండితో ఆడించడానికి నాకు మనసొప్పదు.

ఇక కాగితం. ఇక్కడ తప్పు సరిదిద్దుకోవడం సగమే కుదురుతుంది. మడత విప్పవచ్చు, గీత మాత్రం మిగిలిపోతుంది. మొదటి మడత వేలెడు పక్కకు పోతే, చివరికి పడవ ఒక వైపుకి ఒరుగుతుంది. చిన్న పిల్లలకు ఇది దుఃఖం. అదే నాలుగు, అయిదు తరగతుల పిల్లలకు చక్కటి చదువు: ఎక్కడ తప్పిందో వెనక్కి విప్పుకుంటూ వెళ్లి వెతకడం వాళ్లకు చేతనవుతుంది. లెక్కల్లో ఎంత చెప్పినా అలవాటు కాని పని, కత్తిపడవ దగ్గర మొండిగా చేస్తారు.

లెక్కలు అంటే గుర్తొచ్చింది. ఒక కాగితాన్ని సగానికి మడిస్తే 2 భాగాలు, మళ్లీ మడిస్తే 4, మూడోసారికి 8, నాలుగోసారికి 16. విప్పి చూపిస్తే 1/8 కంటే 1/16 చిన్నదని అయిదో తరగతి పిల్లలు ఇక మర్చిపోరు. కింద పెద్ద అంకె ఉందని పెద్ద భిన్నం అనుకునే పొరపాటు అక్కడితో ఆగిపోతుంది. ఏ4 కాగితం కొలత 210 మిల్లీమీటర్లు, 297 మిల్లీమీటర్లు. మూల మడిచి చతురస్రం తీస్తే 87 మిల్లీమీటర్ల ముక్క మిగులుతుంది. "ఎందుకు 87?" అని అడిగితే తీసివేత లెక్క వాళ్లే చేస్తారు. ఆ ముక్కలు పారేయకండి, గొలుసులకు వస్తాయి. ఏడాది చివర మిగిలే పాత నోటుపుస్తకాలు, దినపత్రికలు చాలు, కాగితం కొనాల్సిన పని లేదు. పారేసే వస్తువులతో బొమ్మలు చేయడం దేశమంతా నేర్పిన అరవింద్ గుప్తాకు 2018లో పద్మశ్రీ వచ్చింది. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో ఆయన చూపిన త్రికోణాలు, ఘనాలు కాగితం పని బాగా వచ్చిన పిల్లలకు తర్వాతి మెట్టు.

ముప్పై మందికి ఒక్కసారిగా ముందు నిలబడి మడతలు చూపించడం మాత్రం కుదరదు. నాకు కుడి వాళ్లకు ఎడమవుతుంది, మూడో మడతకల్లా "టీచర్, ఇప్పుడేంటి?" అని ముప్పై గొంతులు లేస్తాయి. ముందు రోజు నలుగురికి నేర్పి, వరసకొకరిని కూర్చోబెడతాను. పడవ మధ్యలో ఒకచోట టోపీ అవుతుంది. అక్కడ ఆగిపోయిన పిల్ల టోపీ పెట్టుకుని ఇంటికి వెళ్తుంది, ఖాళీ చేతులతో వెళ్లదు.

కత్తెర మూడో తరగతి దాకా వద్దంటాను. చింపి అతికించడం చాలు, వేళ్లకు అదే మంచి పని. ఎడమచేతివాటం పిల్లలకు మామూలు కత్తెర సరిగా తెగదు. పై బద్ద గీతను కప్పేస్తుంది, పట్టు బద్దలను దూరం నెడుతుంది. వాళ్లను చేతకానివాళ్లని తిట్టకండి. జిగురుకు ఉడికించిన మైదా చాలు. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు, అది విషం. పిల్లల చేతికిచ్చే జిగురులో అది చుక్క కూడా ఉండకూడదు.

మూడోది, అచ్చు వేసిన బొమ్మలో రంగు నింపడం. ఇది నాకు నచ్చదు, ఎందుకో చెబుతాను. ఇక్కడ సరిదిద్దుకోవడానికి అసలు చోటే లేదు. గీత దాటితే తప్పు, దాటకపోతే ఒప్పు, అంతే. ముప్పై మంది ముప్పై చిలకలు ఆకుపచ్చగా వేస్తారు, గోడంతా ఒకే చిలక. నీలం వేసిన పిల్లను "చిలక నీలంగా ఉంటుందా?" అని నేనే ఒకసారి మందలించాను. ఆ పిల్ల ఆ తర్వాత చాలా రోజులు పక్కవాళ్ల బొమ్మ చూడకుండా ఏ రంగూ ముట్టలేదు. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.

దానికున్న మేలు మాత్రం ఒప్పుకోవాలి. ఒక్క టీచరే రెండు మూడు తరగతులు చూసే బడిలో, ఒక తరగతికి పాఠం చెబుతుంటే మరో తరగతి చప్పుడు చేయకుండా అరగంట కూర్చునే పని అదొక్కటే. ఆ అవసరం నాకు తెలుసు. అప్పుడు నేను అచ్చు బొమ్మకు బదులు పలక మీద చుక్కలు పెట్టి ఇస్తాను. అయిదు వరసలు, వరసకు అయిదు చుక్కలు. కలుపుకోవడం వాళ్లిష్టం. తప్పితే చెరుపుకుంటారు. సంక్రాంతి ముగ్గులు చూసి పెరిగిన పిల్లలు, చెప్పకుండానే రెండు వైపులా సమానంగా తెస్తారు. రంగు కావాలంటే పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం మీద సబ్బు నీళ్లతో గీయనివ్వండి. గీసిన చోటల్లా ఎర్రగా తేలుతుంది. పసుపులో సున్నం కలిపే హారతి నీళ్లు ఎందుకు ఎర్రగా ఉంటాయో అక్కడే చెప్పవచ్చు. సున్నం మాత్రం చేతికివ్వకండి, చర్మం పొక్కుతుంది.

ఇంటి దగ్గర చేసుకు రమ్మనే థర్మోకోల్ ప్రాజెక్టులను ఈ పోలికలోకే తేలేదు. అవి అక్క చేసిన పనో, షాపులో కొన్న పనో అవుతాయి.

ఒకటి, రెండు తరగతులకైతే నా ఓటు మట్టికే, నెలకు కనీసం రెండు శనివారాలు. మూడో తరగతిలో చింపి అతికించడం, తేలిక మడతలు. నాలుగు, అయిదుకు కాగితం ముందుంటుంది, మట్టి పూర్తిగా మానేయకూడదు. నీళ్లు లేని బడికి మట్టి భారం, అక్కడ అన్ని తరగతులకూ కాగితంతోనే నడపండి. టీచరు ఒక్కరే ఉన్న రోజున చుక్కలు.

వచ్చే శనివారానికి మట్టి అనుకుంటే, శుక్రవారం బడి వదిలేముందే నానబెట్టి తడి గోనెపట్టా కప్పి పెట్టండి. పొద్దున్నే వచ్చే పిల్లలకు పిసికే పని అప్పగించండి, ప్రార్థన గంట కొట్టేలోపు ముద్ద తయారవుతుంది.