జాంబేజీ యాత్ర: జలపాతంతోనే ఆపేయకండి

జాంబియా వెళ్లొచ్చిన మనవాళ్లు ఎవరిని కదిపినా విక్టోరియా జలపాతం గురించే చెబుతారు. చూసి తీరాల్సిన చోటే, కాదనను. కానీ ఈ నదితో మనుషులు ఎలా బతికారో, ఈ నది కోసం ఏం పోగొట్టుకున్నారో తెలియాలంటే కిందికి దిగి కరీబా డ్యామ్ దాకా వెళ్లాలి. మీ ప్రయాణంలో ఒక్క సఫారీ తగ్గించుకునైనా అక్కడ రెండు రాత్రులు ఉండండి. నా గట్టి సలహా ఇదే.

జాంబేజీ జాంబియా వాయవ్య మూలన పుడుతుంది. అంగోలాలోకి వెళ్లి, మళ్లీ జాంబియాకు తిరిగొచ్చి, నమీబియా, బోట్స్వానా అంచులను తాకి, జాంబియా జింబాబ్వేల మధ్య సరిహద్దుగా సాగి, మొజాంబిక్‌లో హిందూ మహాసముద్రంలో కలుస్తుంది. మొత్తం 2,570 కిలోమీటర్ల పైమాటే. మేం చూసింది అందులో మధ్య ముక్క మాత్రమే.

మేం వెళ్లింది జూలైలో. అక్కడ అది చలికాలం. పొద్దున్నే స్వెట్టర్ లేకపోతే కష్టం. కానీ జలపాతానికి మంచి సమయం. ఏప్రిల్‌లో నీళ్లు ఉరకలేస్తున్నప్పుడు తుంపర తెరలా కమ్మేసి, ఎదురుగా ఉన్నదే కనబడదట. అక్టోబరు, నవంబరుల్లో జాంబియా వైపు చాలా భాగం ఎండి నల్లరాయి బయటపడుతుంది. అప్పుడు వెళ్లేవాళ్లు జింబాబ్వే వైపు నుంచే చూడాలి. వెడల్పు 1,708 మీటర్లు, ఎత్తు 108 మీటర్లు అని చదివి వెళ్లాం గానీ, నైఫ్ ఎడ్జ్ వంతెన మీద నిలబడి తడిసి ముద్దయ్యాక ఆ అంకెలు గుర్తుకే రాలేదు.

రెండు వైపులలో ఏది మేలని అడిగితే: జలపాతాన్ని ఎదురుగా, పొడవునా చూడాలంటే జింబాబ్వే. నీళ్లను దగ్గరగా, ఒంటి మీద పడేలా చూడాలంటే జాంబియా. జింబాబ్వే టికెట్టు ఖరీదెక్కువ, దారులు మాత్రం చక్కగా ఉంటాయి. రెండు దేశాలకూ పనికొచ్చే కాజా వీసా ఉంది. అది మన పాస్‌పోర్టుకు ఇస్తున్నారో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి.

జాంబియా వైపు, జలపాతం కింద నీళ్లు సుడులు తిరిగే బాయిలింగ్ పాట్ అనే మడుగు దాకా దిగే మెట్లదారిని చాలామంది వదిలేస్తారు. ఎక్కేటప్పుడు మోకాళ్లు పట్టేస్తాయి, నిజమే. అయినా దిగండి. అడుగున రాతి గోడను చేత్తో తాకి చూడొచ్చు. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట పొంగిన లావా గడ్డకట్టిన బసాల్ట్ అది. ఆ రాయిలో అడ్డంగా పడిన పగుళ్లలోని మెత్తటి భాగాన్ని నది కోసుకుంటూ పోయింది. ఒక పగులు వెంట జలపాతం ఏర్పడటం, వేల ఏళ్లకు అది వెనక్కి జరిగి ఇంకో పగులు పట్టుకోవడం, ఇలా సాగింది. కింద మెలికలు తిరుగుతున్న లోయల్లో ఒక్కో మెలికా ఒకప్పటి జలపాతమే. జింబాబ్వే వైపు డెవిల్స్ కాటరాక్ట్ అనే పాయ దగ్గర నది తర్వాతి కోత మొదలుపెట్టేసింది కూడా.

జలపాతానికి దగ్గర్లోని జాంబియా ఊరు లివింగ్‌స్టన్‌లో బసకు రెండు దారులు. నది ఒడ్డు లాడ్జీల్లో సూర్యాస్తమయం బాగుంటుంది, రాత్రి నీటిగుర్రాల అరుపులు వినిపిస్తాయి. కానీ భోజనం, టాక్సీ అన్నీ వాళ్లు చెప్పిన రేటుకే. మేం దిగిన ఒక లాడ్జిలో పడవ షికారు గది అద్దెలోనే కలిసి ఉందని చెప్పి, చివర్లో డీజిల్ పేరుతో విడిగా వసూలు చేశారు. ఏది కలిసి ఉందో ముందే రాయించుకోండి. ఊళ్లోని గెస్ట్‌హౌస్‌లు మనలాంటి కుటుంబాలకు నయం. వంటగది వాడుకోనిస్తారు, బజారు నడక దూరం. శాకాహారులు ఇబ్బంది పడక్కర్లేదు. మొక్కజొన్న పిండితో చేసే న్షీమా మన సంకటి లాంటిదే. పల్లీ పొడి వేసి ఉడికించిన ఆకుకూర, ఇఫిసాషి, దానికి మంచి జోడీ. మా అమ్మాయి రెండోసారి అడిగి వేయించుకుంది.

ఊళ్లో మ్యూజియం తప్పక చూడండి. 1855 నవంబరు 16న స్కాట్లాండ్ యాత్రికుడు డేవిడ్ లివింగ్‌స్టన్ ఈ జలపాతాన్ని చూశాడు. ఆయన ఉత్తరాలు, వస్తువులు అక్కడున్నాయి. అయితే ఆయన్ను ఇక్కడికి తెచ్చింది కొలోలో రాజు సెకెలేటు ఇచ్చిన పడవలు, మనుషులు. జాంబేజీని సముద్రం నుంచి లోపలికి వచ్చే పడవ దారిగా మార్చాలని లివింగ్‌స్టన్ కలగన్నాడు. 1858లో ఆవిరి పడవతో వస్తే మొజాంబిక్‌లోని కహోరా బస్సా దగ్గర నది రాళ్ల మీద ఉరికే తీరు ఆ ఆశను ఆపేసింది.

లివింగ్‌స్టన్ నుంచి రాజధాని లుసాకా వైపు వచ్చే దారిలో చోమా దగ్గర ఆగండి. అక్కడి మ్యూజియంలో ఈ నది లోయలో తరాలుగా బతికిన టోంగా ప్రజల పూసల పని, డోళ్లు, బుట్టలు ఉన్నాయి. జలపాతం దగ్గరి దుకాణాల్లో బేరమాడి అలసిపోయిన మాకు ఇక్కడ ధర రాసిపెట్టి ఉండటం హాయిగా అనిపించింది. ఒక బుట్ట అడుగు తిప్పి చూశాను. అడుగు చదరంగా మొదలై, అంచుకు వచ్చేసరికి గుండ్రంగా మారింది. ఎక్కడ మారిందో వేలితో తడిమినా దొరకలేదు.

కఫ్యూ పట్నానికి ముందే, జింబాబ్వే సరిహద్దు ఊరు చిరుండుకు వెళ్లే రోడ్డు మళ్లుతుంది. అక్కడి నుంచి ఘాట్ దిగాలి. బరువు లారీల వల్ల నెమ్మదిగా సాగుతుంది, చీకటి పడేలోపు దిగేయండి. కరీబా జలాశయం ఒడ్డు ఊరు సియావోంగా వైపు తిరిగాక లుసిటు ప్రాంతం వస్తుంది. ఎర్రనేల, ముళ్లచెట్లు, అక్కడక్కడా ఇళ్లు. కరీబా డ్యామ్ కోసం తమ ఊళ్లు వదిలిన టోంగాలలో కొందరిని తెచ్చి దించింది ఇక్కడే.

డ్యామ్ ఎత్తు 128 మీటర్లు. 1958 డిసెంబరులో నదిని మూశారు, 1963కు జలాశయం నిండింది. మన లెక్కలో చెప్పాలంటే సుమారు 6,300 టీఎంసీలు, అంటే ఇప్పటి శ్రీశైలాలు దాదాపు 30. నీటి పరిమాణంలో ప్రపంచంలో మనిషి కట్టిన జలాశయాలన్నిటిలోకీ ఇదే పెద్దది. ఆ నీళ్ల కింద గ్వెంబే లోయ ఉంది. నది పొంగి తగ్గాక ఒండ్రు నేలలో పంట వేసుకుని, రెండు ఒడ్డులా చుట్టరికాలు కలుపుకుని బతికిన 57,000 మంది టోంగాలను అక్కడి నుంచి తరలించారు. కదిలేది లేదన్న చిపెపో ప్రాంతం ప్రజల మీద 1958 సెప్టెంబరులో పోలీసులు కాల్పులు జరిపారు. ఎనిమిది మంది చనిపోయారు.

అదే కాలంలో మునుగుతున్న దీవుల నుంచి 6,000కు పైగా జంతువులను కాపాడారు. రూపర్ట్ ఫోథర్‌గిల్ నాయకత్వంలో సాగిన ఆ ఆపరేషన్ నోవా లోకమంతా మార్మోగింది. ఆ పని గొప్పదే. కానీ లారీల్లో ఎక్కించిన మనుషుల గురించి అంత మాట్లాడలేదు. శ్రీశైలం ముంపు గ్రామాల వాళ్ల కథలు విన్న నాకు ఆ డ్యామ్ గోడ మీద నడుస్తుంటే మనసు భారమైంది. నది దేవుడు న్యామిన్యామి పాము ఒళ్లు, చేప తల ఉన్నవాడని టోంగాల నమ్మకం. డ్యామ్ ఆయన్ను భార్య నుంచి విడదీసిందంటారు. 1957, 1958లో వరుసగా వచ్చిన భారీ వరదలు ఆయన కోపమేనంటారు. నిర్మాణంలో 86 మంది పనివాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇక్కడ పుట్టిన కరెంటు గనులకూ నగరాలకూ పోయింది. జలాశయం పక్కనే ఉన్న ఎన్నో టోంగా ఊళ్లు దశాబ్దాలు చీకట్లోనే ఉన్నాయి.

సియావోంగాలో లాడ్జీలు పెద్ద ఆడంబరంగా ఉండవు, సర్వీసు నెమ్మది. కానీ లివింగ్‌స్టన్ కంటే చవక, మనుషులు మర్యాదస్తులు. 2024 కరువులో జలాశయం అడుగంటి దేశమంతా గంటల తరబడి కరెంటు కోతలు పడ్డాయి కాబట్టి, జనరేటరో సోలారో ఉందా అని అడిగి గది తీసుకోండి. నీళ్లలో దిగకండి, మొసళ్లున్నాయి. మలేరియా మాత్రలు మరవకండి. రాత్రి జలాశయం మీద దీపాలు కనిపిస్తాయి. అవి కపెంటా పట్టే పడవలు. 1960లలో టాంగన్యీకా సరస్సు నుంచి తెచ్చి వదిలిన ఈ చిట్టి చేప ఇప్పుడు ఒడ్డు ఊళ్లకు జీవనాధారం. పొద్దున ఆరబెట్టే చోటుకు వెళ్తే వాసన ఘాటుగానే ఉంటుంది. అడిగితే ఓపికగా అన్నీ చెబుతారు.

ఇంకా కిందికి లోయర్ జాంబేజీ పార్కు ఉంది. ఏనుగులు నది దాటడం చూడాలంటే అదే చోటు. లోపలి లాడ్జీలు మన జేబుకు మించినవి. మేం చిరుండు వైపు క్యాంపులో దిగి, పగటి పూట పడవలో వెళ్లొచ్చాం. అది చాలు. చిన్న పిల్లలుంటే కనూ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) షికారు జోలికి పోవద్దు, నీటిగుర్రాలు చాలా ప్రమాదం. ఆ డబ్బు మిగిల్చి సియావోంగాలో ఇంకో రోజు ఉండండి, డ్యామ్ దగ్గరికి సాయంత్రం కాకుండా పొద్దున్నే వెళ్లండి. ఎండ ఎక్కువ ఉండదు, గోడ మీద తీరిగ్గా నడవొచ్చు.