మోడల్ మేకింగ్: హైదరాబాద్‌లో డిగ్రీనా, హనుమకొండలో పనా?

భవనాలు, గుళ్ల చిన్న నమూనాలు చేసే ఈ పని నేర్చుకోవాలంటే హైదరాబాద్‌లో కాలేజీలో చేరాలా, ఇక్కడ హనుమకొండలో వర్క్‌షాప్‌లో చేరాలా? ఇంటర్ అయిన పిల్లలు నన్ను తరచూ అడిగేది ఇదే.

కాలం: హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్‌ఏయూ)లో శిల్పకళ బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) 4 ఏళ్లు, ప్రవేశ పరీక్ష కూడా ఉంటుంది. వర్క్‌షాప్‌లో రేపే చేరొచ్చు.

ఖర్చు: అక్కడ ఫీజు, హాస్టల్, సామాన్లు. ఇక్కడ ఇంటి తిండి, మొదట్లో జీతం తక్కువ.

నేర్చుకునేది: అసలు తేడా ఇక్కడే. వర్క్‌షాప్‌లో చేయి తిరుగుతుంది. సన్‌బోర్డ్‌ను (మోడళ్లకు వాడే తేలికైన ఫోమ్ షీటు) ఎలా కోయాలో, థర్మాకోల్‌కు ఫెవిక్విక్ పెడితే ఎందుకు కరిగిపోతుందో వారంలో తెలుస్తుంది. కానీ 1:100 స్కేలులో 30 మీటర్ల భవనం 30 సెంటీమీటర్లవుతుందని తెలిస్తే సరిపోదు. రామప్ప గుడి మోడల్ చేయాలంటే ఏ శిల్పం ఉంచాలి, ఏది వదలాలి? ఆ చూపు డ్రాయింగ్, క్లే, అచ్చులు ఏళ్ల తరబడి చేస్తేనే వస్తుంది. కాలేజీ దానికి టైమ్ ఇస్తుంది.

రిస్క్: డిగ్రీ మధ్యలో ఆగితే డబ్బు పోతుంది. వర్క్‌షాప్‌లో ఒకే రకం అపార్ట్‌మెంట్ మోడళ్ల దగ్గరే ఆగిపోవచ్చు.

ఇంట్లో వెంటనే సంపాదన కావాలంటే వర్క్‌షాప్‌లో చేరండి. మ్యూజియం పనులు, సినిమా సెట్ల మీద మనసుంటే, ఇంట్లో 4 ఏళ్లు ఆగగలిగితే కాలేజీకే వెళ్లండి.