చిన్న మిల్లింగ్ మిషన్: మూడేళ్ల తర్వాత నా కోపమంతా గిబ్ పట్టీ మీదే

ఆటోనగర్‌లోని మా షెడ్డులో, తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసే ఈ మిషన్ పెట్టి మూడేళ్లు దాటింది. కొత్తలో అడిగినవాళ్లందరికీ "కళ్లు మూసుకుని కొనండి" అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. మోటారు, స్పిండిల్ బాగానే ఉన్నాయి. నన్ను ఏడిపించింది, జాబ్ బిగించే టేబుల్ జారే స్లైడే.

స్లైడ్‌లో ఖాళీ లేకుండా సర్దే సన్నని పట్టీనే గిబ్ అంటారు; అది బిగిస్తే హ్యాండిల్ కదలదు, వదిలితే టేబుల్ ఊగుతుంది. చేయి నొప్పి పడలేక వదులుగానే ఉంచుకున్నాను. పోయిన వేసవిలో ఒక ఇనుప బ్రాకెట్ అంచు నున్నగా రావాలని, ఆఖరి కోతకి జాబ్‌ని కట్టర్ పళ్లు తిరిగే వైపే నడిపాను. కట్టర్ టేబుల్‌ని ఒక్కసారిగా లాగేసుకుంది. టప్‌మని 6 మిల్లీమీటర్ల ఎండ్‌మిల్ కట్టర్ విరిగింది, అంచులో గుంట పడింది. సాయంత్రం ఇవ్వాల్సిన జాబ్. రాత్రి రెండింటిదాకా కూర్చుని మళ్లీ చేశాను.

మర్నాడు టేబుల్ కదలికని కొలిచే డయల్ గేజ్ పెట్టి హ్యాండిల్ వెనక్కి తిప్పితే, హ్యాండిల్ మీద 22 గీతలు జరిగాక గానీ ముల్లు కదల్లేదు. గీతకి 0.02 చొప్పున 0.44 మిల్లీమీటర్ల ప్లే, అంటే వదులు! తప్పు టేబుల్‌ని నడిపే స్క్రూ మీది నట్‌దే అనుకుని బిగించాను. టేబుల్ మధ్యలో బాగుంది, చివరలకి వెళ్తే పట్టేసింది. రోజూ పని మధ్యలోనే కాబట్టి స్క్రూ అక్కడే అరిగింది. మళ్లీ వదులు చేయక తప్పలేదు. తర్వాత చూస్తే హ్యాండిల్ దగ్గర బేరింగ్ నట్ వదులై, స్క్రూ మొత్తం ముందుకీ వెనక్కీ ఆడుతోంది. అది బిగించగానే 22 కాస్తా 9 అయింది.

అప్పుడు గిబ్ ఊడదీశాను. ఎక్కడ తాకుతోందో చూపే మార్కింగ్ బ్లూ రంగు పూసి జరిపి చూస్తే, స్క్రూ మొనలు నొక్కే నాలుగు చోట్ల మాత్రమే రంగు చెరిగింది. మిగతా పట్టీ స్లైడ్‌ని తాకనే లేదు! కంపెనీలో సాపు చేయకుండా వదిలేశారన్నమాట. అద్దం మీద ఎమెరీ పేపర్ పరిచి రెండు సాయంత్రాలు రుద్దాను. ఇప్పుడు గిబ్ బిగువుగా ఉన్నా హ్యాండిల్ రెండు వేళ్లతో తిరుగుతోంది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

గ్రీజు మానేశాను. ఇక్కడి దుమ్ము, ఇనుప రజను అందులో కలిస్తే గ్రైండింగ్ పేస్టే. పొద్దున్నే తుడిచి 68 నంబరు స్లైడ్ ఆయిల్ వేస్తున్నాను. మిగిలిన 9 గీతలకి, కొలత ఎప్పుడూ ఒకే వైపు నుంచి తీసుకుంటున్నాను, కట్టర్‌కి ఎదురుగానే నడుపుతున్నాను.

నావి సొంత జాబ్‌లు, విప్పి రుద్దుకునే తీరిక ఉంది. అందుకే నాకు సరిపోయింది. కొన్న రోజు నుంచే ఆర్డర్లు దించాల్సినవాళ్లకి మాత్రం ధైర్యంగా చెప్పలేను. రెండో స్లైడ్ గిబ్ ఇంకా విప్పలేదు, సంక్రాంతికి చూడాలి.