లెవెల్ పెరగడం, చేయి తిరగడం: మూడు యాక్షన్ ఆర్‌పీజీలను ఆడిన అనుభవం

గత మూడున్నరేళ్లుగా రాత్రి భోజనాలయ్యాక నాకు దొరికే గంట, గంటన్నర సమయంలో ఎక్కువ భాగం మూడు వీడియో ఆటలకే వెచ్చించాను. ఎల్డెన్ రింగ్‌ను దాని అదనపు భాగమైన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీతో కలిపి సుమారు 400 గంటలు ఆడాను. లైస్ ఆఫ్ పీని రెండుసార్లు పూర్తి చేయడానికి 90 గంటలు, బ్లాక్ మిత్: వుకాంగ్‌కు 70 గంటలు పట్టాయి. కొన్న వారంలో ఏర్పడే అభిప్రాయం దృశ్యాల అందం చుట్టూ, సంగీతం చుట్టూ తిరుగుతుంది. నూరు గంటలు దాటాక మాత్రం ఆ ఆట మనకు ఏమి నేర్పింది, ఎలా నేర్పింది అన్నదే మిగులుతుంది కనుక ఈ సమీక్షను ఆ దృష్టితోనే రాస్తున్నాను.

యాక్షన్ ఆర్‌పీజీలో, అంటే మన పాత్రను బలపరచుకుంటూ అప్పటికప్పుడు పోరాడే ఆటలో, రెండు ఎదుగుదలలు ఉంటాయి. మొదటిది తెర మీది పాత్రది. శత్రువులను చంపి సంపాదించిన పాయింట్లతో లెవెల్ పెంచుకుంటాం, కమ్మరి దగ్గర ఆయుధాన్ని బలపరచుకుంటాం, హెల్త్ గీత పొడవవుతుంది. రెండవది ఆడే మనిషిది. వంటలోనైనా మగ్గం మీదైనా ఏళ్ల తరబడి పనిచేసినవారిని చేయి తిరిగినవారు అంటాం. కంట్రోలర్ పట్టిన వేళ్లకు అబ్బే నేర్పు కూడా అటువంటిదే. అంకెలు మాత్రమే పెరిగి చేయి తిరగకపోతే ఆట కొన్నాళ్లకు చప్పబడిపోతుంది. చేయి తిరగడం తప్ప మరో దారే లేదంటే, పగలంతా ఉద్యోగం చేసి అలసి వచ్చినవారు దానిని మధ్యలోనే వదిలేస్తారు. ఈ రెండింటినీ ఏ పాళ్లలో కలిపారన్నదే నా వరకు మంచి ఆటకు గుర్తు.

2022 ఫిబ్రవరి 25న విడుదలైన ఎల్డెన్ రింగ్‌ను జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ రూపొందించింది. హిదెతకా మియాజాకి దర్శకత్వం వహించగా, ఆ లోకపు పూర్వగాథను రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ అందించారు. ఉచిగటానా కత్తి, విల్లు మొదటి నుంచే చేతిలో ఉంటాయని నేను సమురాయ్‌ను ఎంచుకున్నాను. స్టార్మ్‌వీల్ కోట ముందున్న వంతెన మీద మార్గిట్ అనే బాస్, అంటే మామూలువారికంటే ఎంతో బలమైన శత్రువు, అడ్డు నిలుస్తాడు. అప్పటికి నా లెవెల్ 16. మూడు రాత్రులు అతని చేతిలో ఓడిపోయాను.

అతడు చేతికర్రను తలపైకి ఎత్తుతాడు, కానీ ఎత్తిన వెంటనే కొట్టడు. ఆ కర్ర గాలిలో అలాగే నిలిచిపోతుంది. అది లేవడం చూసిన కంగారులో మన వేలు బటన్ నొక్కేస్తుంది, పాత్ర పక్కకు దొర్లుతుంది, దొర్లి లేస్తున్న ఆ అరక్షణంలో కర్ర నెత్తిన దిగుతుంది. పక్కన కూర్చుని చూస్తున్న మా తమ్ముడు అంతకు ముందు ఎన్నడూ కంట్రోలర్ పట్టినవాడు కాదు. మూడవ రాత్రి, "అన్నయ్యా, వాడు కర్ర ఎత్తగానే దొర్లుతున్నావు. ఎత్తినప్పుడు కాదు, దించడం మొదలుపెట్టినప్పుడు దొర్లాలి" అన్నాడు. మాట అర్థమైంది గానీ వేళ్లకు ఎక్కలేదు.

అందుకని నేను వేరే దారి పట్టాను. గుర్రమెక్కి దక్షిణాన ఉన్న వీపింగ్ పెనిన్సులాకు వెళ్లి, అక్కడి చిన్న గుహలు, సమాధులు, మోర్న్ కోట పూర్తిచేసి, లెవెల్ 30 అయ్యాక తిరిగి వచ్చాను. మూడు తోడేళ్ల ఆత్మలను తోడు పిలిచి రెండవ ప్రయత్నంలోనే గెలిచాను. నిజం చెప్పాలంటే ఆనాడు గెలిచింది నా పాత్ర. ఏడాది తర్వాత కొత్త పాత్రతో, లెవెల్ 14లో, తోడేళ్లు లేకుండా అదే వంతెన మీదికి వెళ్లినప్పుడు నాలుగో ప్రయత్నంలో అతడు కూలిపోయాడు; ఈసారి కర్ర గాలిలో నిలిచినంతసేపూ నా బొటనవేలు కదలకుండా ఆగింది. ఎల్డెన్ రింగ్ గొప్పతనం ఈ రెండు గెలుపులకూ చోటివ్వడంలో ఉంది. దారి మూసుకుపోయిందనిపిస్తే వెనక్కి తిరిగి పది దిక్కులకు పోవచ్చు. మొండిగా నిలబడదలచుకుంటే అక్కడే నిలబడవచ్చు.

ఆ పది దిక్కులలో ఏమి దొరుకుతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. మిస్ట్‌వుడ్ అడవిలో ఒక చిన్న రాతి కట్టడం, అందులో లిఫ్ట్ ఉంటాయి. అది కిందికి దిగడం మొదలుపెడుతుంది, దిగుతూనే ఉంటుంది. ఇంకో నేలమాళిగ కాబోలని నేను డాలు పైకెత్తి సిద్ధంగా ఉన్నాను. అడుగున తలుపు దాటి బయటికి రాగానే భూమి లోపల ఆకాశం, దాని నిండా నక్షత్రాలు, వాటి కింద సియోఫ్రా నది. అక్కడికి వెళ్లమని ఎవరూ చెప్పలేదు, మ్యాప్‌లో అటువైపు బాణం గుర్తూ లేదు. ఈ 400 గంటలలో నాకు అన్నిటికంటే గాఢంగా గుర్తున్న క్షణం ఏ బాస్‌ను ఓడించినదీ కాదు, ఆ లిఫ్ట్ ఆగిన క్షణమే.

ఇదే స్వభావం కొన్నిచోట్ల భారమవుతుంది. పాత్రలు అప్పగించే పనులను ఆట ఎక్కడా రాసిపెట్టదు. రాన్నీ అనే మంత్రగత్తె కథను చివరిదాకా నడిపించడానికి నేను ఒక నోట్‌బుక్ పెట్టుకుని, ఎవరు ఎక్కడ ఏమన్నారో తేదీలతో రాసుకోవలసి వచ్చింది. కథలో సగం వస్తువుల వర్ణనలలో దాగి ఉంటుంది, ఆ వర్ణనలు పాతకాలపు ఇంగ్లిష్‌లో ఉంటాయి. ఈ మూడు ఆటలలో దేనికీ తెలుగు సబ్‌టైటిల్స్ లేవు కనుక మన పాఠకులు ఈ విషయాన్ని ముందే తెలుసుకోవడం మంచిది. నాకు ఆ నోట్‌బుక్ రాసుకోవడం ఇష్టంగానే ఉంది. వారానికి ఒక్క రోజు ఆడేవారికి ఉండదు.

మలేనియా అనే బాస్ విషయంలో నా అసంతృప్తి ఇప్పటికీ పోలేదు. ఆమె కొట్టిన ప్రతి దెబ్బకూ ఆమె హెల్త్ తిరిగి నిండుతుంది. డాలుతో కాచుకున్నా నిండుతుంది. అంటే డాలు పట్టి ఓపికగా ఆడటం నేర్చుకున్నవారి నేర్పు మొత్తాన్నీ ఆ ఒక్క బాస్ చెల్లనిదిగా చేస్తుంది. 2022లో ఒక ఆటగాడు తల మీద కుండ పెట్టుకుని, కవచం లేకుండా రెండు కత్తులతో, పిలిచినవారి ఆటల్లోకి వెళ్లి మలేనియాను ఒంటరిగా వెయ్యిసార్లకు పైగా ఓడించాడు. చేయి తిరగడమంటే ఏమిటో చూడదలచినవారు ఆ వీడియోలు చూడాలి. అయినా, అంతటి నేర్పు సాధ్యమేనన్న సంగతి ఆ బాస్ రూపకల్పనలోని లోపాన్ని కప్పిపుచ్చలేదు.

2024 జూన్ 21న వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ ఈ పాళ్లను మరో రకంగా మార్చింది. లెవెల్ 150 దాటిన నా పాత్ర అక్కడ రెండు దెబ్బలకే పడిపోయింది. అక్కడ లెవెల్ పెంచుకోవడం వల్ల ఒరిగేది తక్కువ; ఆ నేలంతా చెదిరి ఉన్న స్కడూట్రీ ముక్కలను వెతికి తెచ్చుకుంటేనే మన దెబ్బకు బలం, మన ఒంటికి ఓర్పు పెరుగుతాయి. ఇందులో 20 మెట్లు ఉన్నాయి. ఒకేచోట శత్రువులను పదేపదే చంపుతూ బలం పెంచుకునే దారిని మూసి, తిరిగి చూసినవారికే బలమిచ్చే ఈ ఏర్పాటు నాకు న్యాయంగా అనిపించింది. పది ముక్కలు కూడా ఏరుకోకుండా మెస్మర్ అనే బాస్ ముందు నిలబడి ఇది అన్యాయమైన ఆట అనేవారిని నేను చాలామందిని చూశాను. వారికి నా విన్నపం ఒక్కటే: వెనక్కి వెళ్లి శిలువ గుర్తులున్న చోట్లన్నీ వెతకండి.

లైస్ ఆఫ్ పీ దక్షిణ కొరియాకు చెందిన రౌండ్8 స్టూడియో తయారుచేసినది, 2023 సెప్టెంబరు 19న విడుదలైంది. ఇటలీ పిల్లల కథలోని కొయ్యబొమ్మను తీసుకుని, యంత్రపు బొమ్మలు మనుషుల మీద తిరగబడిన క్రాట్ అనే నగరంలో నిలబెట్టారు. ఇక్కడ తిరగడానికి పది దిక్కులు లేవు. దారి దాదాపు ఒక్కటే. అందువల్ల పాళ్లు చేతి నేర్పు వైపు బాగా మొగ్గుతాయి. శత్రువు దెబ్బ తగిలే సరైన క్షణంలో ఆయుధాన్ని అడ్డుపెడితే మనకు నష్టం ఉండదు, అలా పదేపదే చేస్తే అతని ఆయుధమే విరిగిపోతుంది. కొంచెం ముందే అడ్డుపెట్టినా అంతా పోయినట్టు కాదు: కాచుకున్నప్పుడు తగ్గిన హెల్త్‌ను వెంటనే ఎదురుదెబ్బ తీసి తిరిగి రాబట్టుకోవచ్చు. హెల్త్ నింపే పల్స్ సెల్స్ అన్నీ అయిపోయినా, శత్రువును కొట్టగా కొట్టగా ఒకటి తిరిగి నిండుతుంది. ఓటమి అంచున ఉన్న మనిషిని వెనక్కి పారిపోనివ్వకుండా ముందుకు అడుగు వేయించే ఈ పద్ధతి ఈ మూడు ఆటలలోకీ అతి చక్కని బోధన అని నా అభిప్రాయం.

ఆయుధాల విషయంలోనూ అదే తెలివి కనిపిస్తుంది. సాధారణ ఆయుధాల అలుగును, పిడిని విడదీసి వేటికవి మార్చి బిగించుకోవచ్చు. పైప్ రెంచ్ తలను పోలీసు లాఠీ పిడికి బిగించినప్పుడు బరువు దెబ్బ ఉండనే ఉంటుంది, విసురు తీరు మాత్రం మారుతుంది. విసురు మారితే ఎప్పుడు కొట్టాలో, ఎప్పుడు ఆగాలో మళ్లీ నేర్చుకోవాలి. ఆర్చ్‌బిషప్ ఆండ్రియస్ దగ్గర నాకు 19 ప్రయత్నాలు పట్టాయి. ప్రతి ఓటమి తర్వాతా ఎక్కడ తప్పు చేశానో స్పష్టంగా తెలిసింది. బాస్ గది లోపల పడిపోయినా, పోగొట్టుకున్న ఎర్గో (ఇందులో లెవెల్ పెంచుకునే పాయింట్ల పేరు) తలుపు బయటే మన కోసం ఉంటుంది, ముందు దాన్ని తీసుకుని నిదానంగా ఆలోచించుకోవచ్చు. చిన్న విషయమే, కానీ ఆడేవారి సమయాన్ని గౌరవించే విషయం.

బ్లాక్ మిత్: వుకాంగ్ దగ్గరికి నేను ఎంతో ఆశతో వెళ్లాను. చైనాకు చెందిన గేమ్ సైన్స్ దీన్ని 2024 ఆగస్టు 20న విడుదల చేసింది. 16వ శతాబ్దపు ప్రసిద్ధ చైనా నవలలోని వానరవీరుడి కథకు ఇది కొనసాగింపు వంటిది. ఆ నవలలోని బౌద్ధ భిక్షువు పాత్రకు మూలం ఏడవ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన హ్యుయాన్ త్సాంగ్. కృష్ణాతీరంలోని ధాన్యకటకాన్ని దర్శించినవాడిగా ఆయన పేరు మనం బడిలోనే చదువుకున్నాం. ఆ ఎరుకతో ఆడినందువల్ల కాబోలు, ఇందులోని బుద్ధ విగ్రహాల ముందు పోరాటం మానేసి నిలబడిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. షాన్సీ ప్రాంతపు ప్రాచీన ఆలయాలను స్కాన్ చేసి ఆటలోకి తెచ్చారు కనుక రాతి మీది పగుళ్లు సైతం నిజమైనవిగా అనిపిస్తాయి. రెండవ అధ్యాయంలో తల లేని గాయకుడొకడు మూడు తీగల వాద్యం మీటుతూ పాడతాడు. భాష తెలియకపోయినా, తంబుర భుజాన వేసుకుని బుర్రకథ చెప్పే కథకుడి గొంతులోని తెగువే నాకు అందులో వినిపించింది.

ఆటగా చూస్తే ఇది ముగ్గురిలోకీ మెత్తని గురువు. చనిపోతే సంపాదించినదేమీ పోదు, నేర్చుకున్న విద్యలను గుడి దగ్గర ఎన్నిసార్లయినా ఉచితంగా మార్చుకోవచ్చు. శత్రువును కదలకుండా కట్టిపడేసే మంత్రం, వెంట్రుకలు పీకి తనలాంటి వానరాలను పుట్టించే మంత్రం చేతికి వచ్చాక చాలామంది బాస్‌ల పని సులువవుతుంది, అంకెల వైపు త్రాసు వాలుతుంది. పులి వీరుడు టైగర్ వాన్‌గార్డ్ మాత్రం అలా లొంగడు. మడుగు కట్టిన రక్తంలో నిలబడి అతడు ఉన్నట్టుండి రాయిగా మారతాడు. ఆ క్షణంలో కొడితే మన కర్రే వెనక్కి తుళ్లుతుంది, మరుక్షణం అతడు మీద పడతాడు. కొట్టకుండా చేయి ఆపుకోవడం నేను అతని దగ్గరే నేర్చుకున్నాను. అటువంటి పోరాటాలు ఇంకొన్ని ఉండవలసింది. కొండ అంచున దారిలా కనిపించే చోట కనబడని గోడలు తగలడం చివరిదాకా చిరాకు పెట్టింది. మ్యాప్ కూడా విడుదల నాటికి లేదు, తర్వాతి అప్‌డేట్‌లో చేర్చారు.

కంప్యూటర్ సంగతి క్లుప్తంగా చెబుతాను. నాది ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. లైస్ ఆఫ్ పీ దాని మీద ఎక్కడా తడబడలేదు. ఎల్డెన్ రింగ్ సెకనుకు 60 ఫ్రేములు దాటదు, కొత్త ప్రాంతంలోకి వెళ్లేటప్పుడు అప్పుడప్పుడు ఒక్క తుళ్లింపు ఇస్తుంది. వుకాంగ్‌కు 130 జీబీ ఖాళీ కావాలి, సెట్టింగులు బాగా తగ్గించాలి. కీబోర్డుతో ఆడాలన్న ఆలోచన మానుకుని మంచి కంట్రోలర్ కొనండి. నా మొదటి కంట్రోలర్ స్టిక్ రెండేళ్లకు అరిగి దానంతట అదే పక్కకు జరగడం మొదలుపెట్టింది, అది గుర్తించేదాకా వారం రోజులు నా చేతినే తప్పుపట్టుకున్నాను.

ఈ తరహా ఆటలు కొత్తగా మొదలుపెట్టేవారికి వుకాంగ్ ముందు, లైస్ ఆఫ్ పీ తర్వాత, ఎల్డెన్ రింగ్ ఆఖరున అని నేను చెబుతాను. మూడింటిలో ఒక్కటే కొనగలిగితే ఎల్డెన్ రింగ్ కొనండి. షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీని మాత్రం అసలు ఆటతో పాటే కొనవద్దు. రాడాన్, మోగ్ అనే ఇద్దరు బాస్‌లను ఓడించేదాకా దాని వాకిలి తెరుచుకోదు, అక్కడికి చేరేసరికి నాకు 110 గంటలు పట్టింది.